బాయిలర్‌ను చేత్తో నడిపే రోజు

యాసంగి వడ్లు కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల వైపు అప్పటికి ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. గింజ చేను మీదే తొందరగా ఆరిపోయి లోపల సన్నని పగుళ్ళు పడతాయి. ఆ వడ్లను పచ్చిగా మిల్లాడిస్తే నూకలు బాగా రాలతాయి. అవే వడ్లను వేడినీళ్ళలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజ నిలుస్తుంది. ఆవిరి వేడికి గింజలోని పిండిపదార్థం ఉడికి జిగురై పగుళ్ళను పూడ్చేస్తుంది, ఆరాక గట్టిపడుతుంది. ఈ ప్రాంతంలో బాయిల్డ్ రైస్ మిల్లులు ఇన్ని వెలియడానికి పెద్ద కారణం ఇదే. రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్ చుట్టుపక్కల కనిపించే చిమ్నీల కింద ఒక్కో బాయిలర్ ఉంటుంది. నానబెట్టే నీళ్ళకు వేడి, వడ్లకు ఆవిరి, డ్రయ్యర్‌కు వేడిగాలి అన్నీ దాని నుంచే.

దాని తిండి కూడా మిల్లులోనే దొరుకుతుంది. క్వింటా వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. కిలో ఊక కాలితే 3,000 కిలో కేలరీలకు పైగా వేడి పుడుతుంది. వడ్లను ఉడికించేది ఆ వడ్ల మీది పొట్టే. కాలాక మిగిలే బూడిద ఊక బరువులో సుమారు ఐదో వంతు. అందులో సింహభాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అందుకే ఈ బూడిద పొగతోపాటు గొట్టాల్లోంచి పోతూ ఇనుమును కొద్దికొద్దిగా అరగదీస్తుంది.

సీజన్‌లో బాయిలర్ చాలావరకు తనంతట తానే నడుస్తుంది. నీళ్ళు తగ్గితే పంపు మొదలవుతుంది, ఆవిరి ఒత్తిడి పెరిగితే ఫ్యాను తగ్గుతుంది, నీళ్ళు మరీ పడిపోతే గంట మోగి గాలి ఆగిపోతుంది. సీజన్‌కూ సీజన్‌కూ మధ్య, వానాకాలం వడ్లు రాకముందు, దాన్ని విప్పి శుభ్రం చేసి, మళ్ళీ బిగించి మొదటిసారి వెలిగించే రోజు మాత్రం లెక్క వేరు. ఆరోజు కంట్రోల్ ప్యానెల్ మీది స్విచ్చిని ‘ఆటో’ నుంచి ‘మాన్యువల్’కు తిప్పుతారు. పంపు, ఫ్యాన్లు, ఊక అన్నీ అటెండెంట్ చేతిలోకి వస్తాయి. కాపలా పరికరాలను మాత్రం అలాగే ఉంచి, ఒక్కోదాన్ని కావాలని ఇబ్బందిలో పెట్టి, అది తన పని చేస్తుందో లేదో చూస్తారు. బాయిలర్ తయారీలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే తెలివి ఇక్కడే ఉంది. బాయిలర్ మీద బిగించిన దాదాపు ప్రతి రక్షణ సాధనానికీ, అది పనిచేస్తుందని రుజువు చేసుకునే పిడి ఒకటి పక్కనే ఉంటుంది.

ముందు బాయిలర్ ఒళ్ళు చూద్దాం. మిల్లుల్లో ఎక్కువగా ఉండేవి పొగ గొట్టాల బాయిలర్లు. అడ్డంగా పడుకున్న పెద్ద ఉక్కు పీపా, దాని రెండు చివరలా మందపాటి పలకలు, ఆ పలకల మధ్య పదుల సంఖ్యలో గొట్టాలు. ఊక కాలే పొయ్యి ఇటుకలతో కట్టి ముందువైపునో కిందనో ఉంటుంది. మంట, పొగ గొట్టాల లోపలి నుంచి వెళ్తాయి, నీళ్ళు గొట్టాల చుట్టూ ఉంటాయి. వేడిగాలి పీపా పొడవునా ఒకసారి వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు వచ్చి మూడు దఫాలు తిరిగేలా మలుస్తారు. చిమ్నీలోకి చేరేసరికి పొగ తన వేడిలో చాలా భాగం నీళ్ళకు ఇచ్చేసి ఉంటుంది.

గొట్టం చివరలను పలకలో బిగించే పద్ధతి చూడదగ్గది. పలకలో చిల్లు గొట్టం కంటే వెంట్రుకవాసి పెద్దగా ఉంటుంది. గొట్టాన్ని అందులోకి దూర్చి, లోపల ఎక్స్‌పాండర్ పెట్టి తిప్పుతారు. దాని చిన్న రోలర్లు గొట్టం గోడను లోపలి నుంచి బయటికి ఒత్తుకుంటూ పోతాయి. గొట్టం వ్యాకోచించి చిల్లు అంచును గట్టిగా పట్టేసుకుంటుంది. గొట్టం పాడైతే దాన్నొక్కదాన్నే కోసి తీసి కొత్తది వేయొచ్చు. మరమ్మతు రోజున మిస్త్రీ ఒక్కో గొట్టంలో బ్రష్ తోసి మసి దులిపి, చివరలను చేతివేళ్ళతో తడిమి చూస్తాడు. బూడిద రాపిడికి అంచు పలచబడిందా, ఎక్కడైనా తెల్లటి చార ఉందా అని. తెల్లటి చార అంటే నీళ్ళు సన్నగా కారి, ఆవిరైపోయి, ఉప్పు మిగిలిన గుర్తు.

మనిషి లోపలికి దూరే మ్యాన్‌హోల్ గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. దాని తలుపు పీపా లోపలి వైపు నుంచి బిగుస్తుంది. రంధ్రం కంటే పెద్దదైన తలుపు లోపలికి ఎలా వెళ్తుందంటే, కోలగా ఉండటం వల్లే. తలుపు వెడల్పు రంధ్రం పొడవు కంటే తక్కువ కాబట్టి, దాన్ని పక్కకు తిప్పి లోపలికి దూర్చి, సరిచేసి, మీదికి లాగి అడ్డకమ్మీతో, బోల్టులతో బిగిస్తారు. ఆవిరి పుట్టాక ఒత్తిడి ఆ తలుపును లోపలి నుంచే తన చోటికి అదుముతుంది. ఒత్తిడి ఎంత పెరిగితే తలుపు అంత గట్టిగా కూర్చుంటుంది. బోల్టులు అలా పట్టి ఉంచడానికే, బరువు మోయడానికి కాదు. బయటి నుంచి బిగించే తలుపైతే ఒత్తిడి మొత్తం ఆ బోల్టుల మీదే పడేది.

వెలిగించే ముందు చన్నీళ్ళ పరీక్ష ఉంటుంది. పీపాను నిండుగా నీళ్ళతో నింపుతారు. పైన ఉన్న గాలి కాకు, అంటే గాలిని వదిలే కుళాయి, తెరిచి ఉంచి, బుడగలు లేకుండా నీళ్ళు ధారగా వచ్చాక మూస్తారు. సేఫ్టీ వాల్వులు తెరుచుకోకుండా తాత్కాలికంగా కట్టి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కిస్తారు. ఇంత ప్రమాదకరమైన ఒత్తిడిని పరీక్షించడానికి నీళ్ళే ఎందుకు? నీళ్ళు దాదాపు ఏమాత్రం కుంచించుకుపోవు, కాబట్టి వాటిలో శక్తి పెద్దగా నిలవ ఉండదు. ఎక్కడైనా లోపం ఉండి కారితే ఒత్తిడి చూపే సూది వెంటనే పడిపోతుంది, అంతకుమించి ఏమీ జరగదు. అదే ఒత్తిడి ఆవిరిలో ఉండి పీపా తెగితే, లోపలి నీళ్ళలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. లీటరు నీళ్ళు మామూలు గాలి ఒత్తిడిలో 1,600 రెట్లకు పైగా ఆవిరిగా వ్యాపిస్తాయి. బాయిలర్ పేలడమంటే అదే. అందుకే మొదటి పరీక్ష చన్నీళ్ళతో.

ఆ తర్వాత నీళ్ళను, మట్టం చూపే గేజి గ్లాసులో సగం దాకా దించి, గాలి కాకు మళ్ళీ తెరుస్తారు. మంట వెలిగించే ముందు ఐడీ ఫ్యాను వేస్తారు. అది చిమ్నీ వైపు పొగను లాగే ఫ్యాను. పొయ్యిలో నిలిచిన వాయువును కాసేపు లాగేశాకే నిప్పు. గాలిని పొయ్యిలోకి ఊదే ఎఫ్‌డీ ఫ్యాను తర్వాత వేస్తారు, ఆపేటప్పుడు దాన్నే ముందు ఆపుతారు. ఈ వరస తప్పకపోతే పొయ్యిలో ఒత్తిడి ఎప్పుడూ బయటి గాలి కంటే కాస్త తక్కువే ఉంటుంది. తలుపు తెరిస్తే గాలి లోపలికి పోతుంది, మంట మనిషి మొహం మీదికి రాదు.

మంటను మొదట చిన్నగా ఉంచుతారు. పొయ్యి ఇటుకలకు, గొట్టాలకు, పీపా ఉక్కుకు వేడెక్కే వేగం ఒకటి కాదు. తొందరపడితే ఒకటి సాగి మరొకటి సాగక, బిగించిన గొట్టాల చివరలు వదులవుతాయి. ఊకను పారతో పలచగా చల్లుతూ గంటల తరబడి నెమ్మదిగా వేడి పెంచుతారు. ముందుగా గాలి కాకులోంచి తడిగాలి వస్తుంది, తర్వాత విడివిడిగా ఆవిరి పొగలు, చివరికి ఆగకుండా బుస్సుమనే ఆవిరి. అప్పుడు కాకు మూస్తారు. పీపాలోని గాలి మొత్తం బయటికి పోయిందని దాని అర్థం. బాయిలర్ చల్లార్చేటప్పుడు ఇదే కాకు తెరుస్తారు. లోపలి ఆవిరి నీరై కుంచించుకుపోతే పీపాలో శూన్యం ఏర్పడుతుంది కాబట్టి, అప్పుడు బయటి గాలిని లోపలికి రానివ్వాలి.

ఇక అటెండెంట్ కన్ను గేజి గ్లాసు మీదే. నిలువుగా బిగించిన గాజు గొట్టం ఇది. పై చేయి ఆవిరి భాగానికి, కింది చేయి నీటి భాగానికి కలిసి ఉంటాయి. లోపల నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో గాజులోనూ అంతే ఎత్తులో కనిపిస్తాయి. గాజు అడుగు అంచును గొట్టాల పై వరస కంటే కొంత ఎత్తులో ఉండేలా బిగిస్తారు. గాజులో నీళ్ళు కనిపించకుండా పోయిన క్షణానికి కూడా గొట్టాల మీద ఇంకా కొంచెం నీరు ఉంటుంది. కంటికీ ప్రమాదానికీ మధ్య ఆ కొద్ది ఎడం కావాలనే పెట్టినది.

గాజు వెనక తెల్లటి పలక మీద నల్లటి ఏటవాలు గీతలు ఉంటాయి. ఆవిరి ఉన్నచోట గీతలు ఉన్నట్టే కనిపిస్తాయి. నీళ్ళు ఉన్నచోట నీటి స్తంభం కటకంగా పనిచేసి గీతలు ఎదురువైపుకు వాలినట్టు కనిపిస్తాయి. స్వచ్ఛమైన నీళ్ళు గాజులో ఉన్నాయో లేవో దూరం నుంచి తెలియదు. గీతలు తిరగబడిన చోటు మాత్రం పది అడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది. కొత్త బాయిలర్లలో రిఫ్లెక్స్ గేజి వచ్చింది. దాని దళసరి గాజు లోపలి వైపు కోసిన గాడుల వల్ల నీరు నల్లగా, ఆవిరి వెండిలా మెరుస్తూ కనిపిస్తాయి.

గేజి గ్లాసుకు మూడు కాకులు ఉంటాయి: ఆవిరిది, నీటిది, కింద డ్రెయిన్‌ది. మామూలు కాకుకు పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఇక్కడ దానికి తిరకాసు. బాయిలర్ నడుస్తున్నప్పుడు మూడు పిడులూ కిందికి వేలాడుతూ ఉండాలి. అలా ఉన్నప్పుడు ఆవిరి, నీటి దారులు తెరుచుకుని ఉంటాయి, డ్రెయిన్ మూసుకుని ఉంటుంది. మిల్లు అదురుకు కాకు వదులై పిడి తన బరువుకు జారినా జారేది కిందికే, అంటే సరైన చోటికే. ఒక పిడి ఏ వైపు వేలాడాలన్న చిన్న సంగతిలో ఎవరో ఇంత దూరం ఆలోచించారు.

ఇప్పుడు పరీక్ష. అటెండెంట్ డ్రెయిన్ తెరుస్తాడు, నీళ్ళూ ఆవిరీ కలిసి దూకుతాయి. నీటి కాకు మూస్తాడు, ఒట్టి ఆవిరే వస్తే పై దారి బాగుంది. నీటి కాకు తెరిచి ఆవిరి కాకు మూస్తాడు, నీళ్ళు ఉరికితే కింది దారి బాగుంది. రెండూ తెరిచి డ్రెయిన్ మూస్తాడు. నీళ్ళు చటుక్కున గాజులోకి ఎగిరి తన మట్టానికి చేరుకోవాలి. నింపాదిగా ఎక్కితే దారిలో ఎక్కడో మడ్డి పట్టింది. సుల్తానాబాద్ దగ్గర ఒక మిల్లులో ఈ పని చేస్తున్న అటెండెంట్, పక్కన నేర్చుకుంటున్న కుర్రాడితో అన్న మాట నాకు గుర్తుండిపోయింది: “గ్లాసుల నీళ్ళు ఊగాలె తమ్మీ. ఊగకుంట నిలబడ్డయంటె నమ్మొద్దు.” మరుగుతున్న పీపాలో నీటి మట్టం ఎప్పుడూ సన్నగా కదులుతూనే ఉంటుంది. గాజులో కదలిక లేదంటే, దానికీ పీపాకూ మధ్య దారి మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు గాజు చూపించేది ఎప్పటివో నీళ్ళు.

ఆవిరి ఒత్తిడిని చూపేది ప్రెషర్ గేజి. దాని లోపల వంపు తిరిగిన బోలు గొట్టం ఉంటుంది, అడ్డకోత కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే ఆ కోల గొట్టం గుండ్రమవ్వాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో వంపు కొంచెం విచ్చుకుంటుంది. ఆ కొద్ది కదలికను పళ్ళ చక్రం పెద్దదిగా చేసి సూదిని తిప్పుతుంది. ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ బోర్డాన్ 1849లో కనిపెట్టిన ఈ ఏర్పాటు ఇప్పటికీ మారలేదు. ఆవిరి నేరుగా ఆ గొట్టంలోకి వెళ్తే వేడికి అది మెత్తబడి తప్పు చూపిస్తుంది. అందుకని గేజి కింద ఒక గొట్టాన్ని చుట్టలా వంచి పెడతారు. ఆవిరి అందులో చల్లారి నీరై నిలుస్తుంది, ఒత్తిడిని ఆ నీరు పైకి చేరవేస్తుంది. వేడిని దారిలోనే ఆపేసి ఒత్తిడిని మాత్రం పంపే తెలివి అది. గేజి కింది మూడు దారుల కాకును బయటి గాలికి తిప్పితే సూది సున్నా మీదికి రావాలి. రాకపోతే అది ఇన్నాళ్ళూ అబద్ధం చెబుతున్నట్టే. అదే కాకుకు ఇన్‌స్పెక్టర్ తన గేజి తగిలించి రెండిటినీ పోల్చి చూస్తాడు.

నీళ్ళు పంపేది మోటారు పంపు. దానికీ పీపాకూ మధ్య ఒకే దిక్కు తెరుచుకునే చెక్ వాల్వు ఉంటుంది. పంపు ఆగినప్పుడు బాయిలర్ నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది అదే. అది కారుతోందో లేదో చెప్పడానికి పరికరం అక్కర్లేదు. అటెండెంట్ పంపు వైపు గొట్టాన్ని అరచేత్తో తాకి చూస్తాడు. చల్లగానో గోరువెచ్చగానో ఉంటే సరే. చెయ్యి కాలితే వాల్వు కారుతున్నట్టే.

పంపును ఆటోలో నడిపేది పీపా పక్కన చిన్న డబ్బాలో తేలే బంతి. మిల్లుల్లో దాన్ని మాబ్రే అంటారు. బంతి చివరన ఒక అయస్కాంతం, డబ్బా గోడకు అవతల స్విచ్చికి మరో అయస్కాంతం. లోపలిది కిందికి దిగితే, గోడకు చిల్లు లేకుండానే బయటి స్విచ్చి పైకి కదులుతుంది. చిల్లు లేదు కాబట్టి అక్కడ ఆవిరి కారే ప్రసక్తే లేదు. ఇలాంటివి రెండు పెడతారు. ఒకటి పంపును వేసి ఆపుతుంది. రెండోది ఇంకా కింద ఉంటుంది. నీళ్ళు అక్కడిదాకా పడితే గంట మోగించి, ఫ్యాన్లు ఆపేస్తుంది. వీటి శత్రువు డబ్బా అడుగున పేరుకునే మడ్డి. బంతి దానిలో కూరుకుపోతే పీపా ఎండిపోతున్నా అది పైనే ఉంటుంది. అందుకే డబ్బాకు విడిగా డ్రెయిన్ ఉంటుంది. దాన్ని తెరవగానే డబ్బాలో నీళ్ళు పడిపోతాయి, మడ్డి కొట్టుకుపోతుంది, బంతి పడుతుంది. స్విచ్చి ఆటోలో ఉంటే అప్పుడు పంపు మొదలవ్వాలి. రెండో డబ్బా తెరిస్తే గంట మోగి ఫ్యాన్లు ఆగాలి. పీపాలో నీళ్ళు అసలు తగ్గకుండానే తగ్గినట్టు నటింపజేసి కాపలాను పరీక్షించడం ఇది.

కరెంటు పోతే? గ్యాసో డీజిలో అయితే వాల్వు మూస్తే మంట ఆరిపోతుంది. ఊక పొయ్యిలో అలా కాదు. ఫ్యాన్లు ఆగినా పొయ్యి జాలీ మీది నిప్పుల పరుపు, ఎర్రగా కాలిన ఇటుకలు ఆవిరి పుట్టిస్తూనే ఉంటాయి. నీళ్ళు తగ్గుతూనే ఉంటాయి, మోటారు పంపు పనిచేయదు. కొన్ని మిల్లుల్లో ఆ సమయానికి ఇంజెక్టర్ పెడతారు. కదిలే భాగం ఒక్కటీ లేని పంపు ఇది. బాయిలర్ ఆవిరినే సన్నని మూతిలోంచి వదిలితే అది మహా వేగంగా దూసుకొస్తుంది. చుట్టూ ఉన్న చన్నీళ్ళను తనతో లాక్కుంటుంది, ఆ నీళ్ళలోనే చల్లారి నీరైపోతుంది. ఇప్పుడు వేగం నీళ్ళకు వచ్చింది. ఆ ధార క్రమంగా వెడల్పయ్యే గొట్టంలోకి పోతూ వేగం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి చెక్ వాల్వును తోసి, ఆవిరి ఏ పీపా నుంచి వచ్చిందో అదే పీపాలోకి నీళ్ళను ఎక్కిస్తుంది. ఆవిరితో నడిచే గాలి ఓడను 1852లో ఎగరేసిన హెన్రీ జిఫార్డ్ 1858లో దీన్ని తయారుచేశాడు. అప్పట్లో చూసినవాళ్ళకు ఇది సాధ్యమేనా అనిపించింది. గుట్టు చల్లారడంలో ఉంది. ఆవిరి నీరయ్యేటప్పుడు తన వేడిని నీళ్ళకు వదిలేస్తుంది, ఆ కొద్ది నీటి ధారను తోయడానికి అందులో పిసరంత శక్తి చాలు. అందుకే ఇచ్చే నీళ్ళు చల్లగా ఉండాలి. వేడినీళ్ళిస్తే ఆవిరి చల్లారదు, ఇంజెక్టర్ పట్టుకోదు.

సేఫ్టీ వాల్వు వంతు చివరికి వస్తుంది. చాలా మిల్లు బాయిలర్లు చదరపు సెంటీమీటరుకు 10.5 కిలోల ఒత్తిడికి తయారవుతాయి. ఆ ఒత్తిడిలో నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర కాదు, సుమారు 185 డిగ్రీల దగ్గర. అంతకు మించకుండా కాపాడేది స్ప్రింగు అదిమిపట్టిన ఒక మూత. ఒత్తిడి స్ప్రింగును మించగానే మూత పిసరంత లేస్తుంది. మూత అంచు కొంచెం బయటికి పొడుచుకుని ఉంటుంది. లేచిన మరుక్షణం ఆవిరికి తోయడానికి ఆ అంచు కూడా దొరుకుతుంది. దానితో మూత ఒక్కసారిగా పూర్తిగా ఎగురుతుంది. ఒత్తిడి తగ్గాక కూడా పెరిగిన వైశాల్యం మూతను కాసేపు పట్టి ఉంచుతుంది. అందుకే తెరుచుకున్న ఒత్తిడి కంటే కొంత కింద ఠక్కున మూసుకుంటుంది. ఆ అంచు లేకపోతే మూత కొసరుకొసరుగా చిమ్ముతూ, కూర్చునే చోటును కోసేసుకునేది.

దీనికీ ఒక చేతి పిడి ఉంటుంది. ఒత్తిడి మూడొంతులకు వచ్చాక అటెండెంట్ దానికి కట్టిన గొలుసు లాగుతాడు. చెవులు గింగుర్లెత్తే రొద. వదలగానే చప్పుడు తెగినట్టు ఆగిపోవాలి, సన్నగా కూడా చీదకూడదు. ఆ తర్వాత అసలు పరీక్ష. ప్రధాన ఆవిరి వాల్వు మూసి ఉంచి, ఊక పెంచి, ఒత్తిడిని గేజి మీద హద్దు చూపే ఎర్రగీత దాకా తీసుకెళ్తారు. అందరి కళ్ళూ సూది మీదే. ఎర్రగీత దగ్గర ఏ చెయ్యీ పడకుండానే వాల్వు ఎగరాలి. ఆ ఒక్క చప్పుడుతో స్ప్రింగు, మూత, గేజి మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నట్టవుతుంది.

ఇలా పరీక్షించలేనిది ఒక్కటే ఉంది, ఫ్యూజిబుల్ ప్లగ్గు. మంటకు దగ్గరి లోహంలో మరమేకులా తిప్పి బిగించిన గన్‌మెటల్ ముక్క అది. దాని నడుమ తగరం లాంటి తేలిగ్గా కరిగే లోహం ఉంటుంది. పైన నీళ్ళు ఉన్నంతకాలం వేడి నీళ్ళలోకి పోతూ ఉంటుంది, లోహం గట్టిగానే ఉంటుంది. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర, నీళ్ళు 185 దగ్గరే మరుగుతాయి. నీళ్ళు దిగిపోతే తగరం కరిగి, ఆవిరి పొయ్యిలోకి దూకి మంటను అణచి హెచ్చరిస్తుంది. వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో విజిల్ కాక మూత మీద మరో చిన్న సేఫ్టీ వాల్వు ఉంటుంది కదా, దాని లోపలిదీ ఇలాంటి లోహమే. విజిల్ కూత కూసిన ప్రతిసారీ తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ చిన్న వాల్వు మాత్రం జీవితంలో ఒక్కసారే పనిచేస్తుంది. పరీక్షిస్తే అయిపోయేది కాబట్టే ప్లగ్గును గడువుకు మార్చేస్తారు, దాని మీది మడ్డి గీకి శుభ్రంగా ఉంచుతారు. మిగతా కాపలాలన్నీ విఫలమైన తర్వాతి వరస దానిది. గాజులో నీళ్ళు పూర్తిగా మాయమైతే అటెండెంట్ చేయాల్సిన మొదటి పని నీళ్ళు పట్టడం కాదు, మంటను ఆపడం. ఎర్రగా కాగిన ఉక్కు మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో చూసి చెప్పడానికి మనిషి మిగలకపోవచ్చు.

మడ్డి ఎక్కడి నుంచి వస్తుంది? బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం నుంచి. నీళ్ళు మరిగి ఆవిరి పోతే ఇవి గొట్టాల మీద పెంకులా కడతాయి. పెంకు వేడిని నీళ్ళలోకి పోనివ్వదు, ఊక ఎక్కువ కాలుతుంది, గొట్టం వేడెక్కుతుంది. అందుకే నీళ్ళు బాయిలర్‌లోకి పోయే ముందు సాఫ్ట్‌నర్ ఉంటుంది. అందులోని రెజిన్ పూసలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోతే మామూలు ఉప్పు కలిపిన నీళ్ళు పోస్తే చాలు, పట్టుకున్నది వదిలేసి మళ్ళీ సిద్ధమవుతాయి. ఒక ఇండికేటర్ చుక్కతో పరీక్ష అయిపోతుంది. నీళ్ళు నీలంగా మారితే మెత్తనివి, ఎర్రబడితే ఉప్పు పట్టే సమయం వచ్చినట్టు.

అయినా కొంత మడ్డి అడుగు చేరుతుంది. దాన్ని బ్లోడౌన్ వాల్వుతో తోస్తారు. ఆవిరి వాడకం తక్కువగా ఉన్నప్పుడు, నీళ్ళు కాస్త ఎక్కువగా పట్టి, వాల్వును పూర్తిగా తెరిచి కొద్ది సెకన్లకే మూస్తారు. సన్నగా చాలాసేపు తెరిచే కంటే కొద్దిసేపు పూర్తిగా తెరిస్తేనే అడుగు కదులుతుంది. కొన్ని బ్లోడౌన్ కాకుల తాళపు పిడికి ఒక గొప్ప గుణం ఉంది. కాకు పూర్తిగా మూసుకుంటే తప్ప పిడి ఊడి రాదు. పిడి గోడ మీది మేకుకు తగిలించి ఉందంటే కాకు మూసి ఉన్నట్టే, మళ్ళీ వెళ్ళి చూడనక్కర్లేదు.

చివరగా ఆవిరిని మిల్లులోకి వదలాలి. ప్రధాన వాల్వును ఒకేసారి తిప్పితే చల్లని గొట్టాల్లో ఆవిరి నీరవుతుంది. ఆ నీటిని వెనకవచ్చే ఆవిరి తోసి, మలుపులకు సుత్తి దెబ్బల్లా కొడుతుంది. అందుకని ముందు లైను పొడవునా డ్రెయిన్లు తెరుస్తారు, తర్వాత చక్రాన్ని పావు చుట్టు తిప్పి ఆగుతారు. డ్రెయిన్లలో నీళ్ళు పోయి పొడి ఆవిరి వచ్చాకే మిగతాది. నానే తొట్లకు, ఆవిరి పట్టే ట్యాంకులకు, డ్రయ్యర్ రేడియేటర్లకు ఆవిరి చేరుతుంది. కిలో నీళ్ళను గది వేడి నుంచి మరిగించడానికి 70 కిలో కేలరీలు పడితే, ఆ మరిగే నీళ్ళను ఆవిరిగా మార్చడానికి 540 పడతాయి. ఆ 540 తిరిగి వచ్చేది ఆవిరి గింజ మీద పడి నీరైనప్పుడే. ఊక వేడిని గింజ దాకా మోసుకెళ్ళే బండి ఆవిరే.

చట్టం ఈ విద్యను చాలాకాలం కిందటే గుర్తించింది. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. బాయిలర్‌కు రిజిస్ట్రేషన్, ఇన్‌స్పెక్టర్ తనిఖీ, సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ తప్పనిసరి. ఇన్‌స్పెక్టర్ చూసేది ఎప్పుడో ఒకసారి. రోజువారీ రుజువు లాగ్ పుస్తకంలో ఉంటుంది. గ్లాసు ఊదినది, బంతి డబ్బా వదిలినది, వాల్వు లాగినది, ఒక్కోదాని పక్కన టైము, సంతకం.

సుల్తానాబాద్ ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే రామగుండం ఉంది. అక్కడ ఎన్టీపీసీ తెలంగాణ ప్రాజెక్టు 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2023 అక్టోబరులో, 2024 మార్చిలో జాతికి అంకితమయ్యాయి. ఆ బాయిలర్లలో ఒత్తిడి 221 బార్లను దాటుతుంది. ఆ హద్దు దాటాక నీటికీ ఆవిరికీ మధ్య తేడానే ఉండదు, మరగడం అనే ఘట్టమే రాదు. చూడటానికి మట్టం లేదు కాబట్టి గేజి గ్లాసు ఉండదు. ఎంత మంటకు ఎంత నీరు అన్న లెక్కను యంత్రాలే క్షణక్షణం వేస్తాయి. అయినా సేఫ్టీ వాల్వులు అక్కడా ఉంటాయి. వాటినీ నడిపే ముందు ఒత్తిడి ఎక్కించి ఎగరేసి చూస్తారు. సుల్తానాబాద్ మిల్లులో గొలుసు లాగే అటెండెంట్, రామగుండంలో కంట్రోల్ రూమ్ నుంచి ఒత్తిడి పెంచే ఇంజినీరు చేసేది ఒకే పని. కాపలాను నమ్మే ముందు దాన్ని ఒకసారి మేల్కొల్పి చూడటం.